చీకట్లో దొంగాట... ఆడి చూస్తారా?

వీడియో గేమ్ అనగానే మనలో చాలామందికి కళ్ల ముందు మెదిలే దృశ్యం ఒకటే. సోఫాలో కూలబడ్డ పిల్లాడు, ఢాం ఢాం అంటూ తుపాకుల మోత, మధ్యమధ్యలో "ఛ! చచ్చిపోయాను" అని ఓ కేక. "మనకెందుకమ్మా ఆ గోల, మన వేళ్లు అంత వేగంగా ఆడొద్దూ!" అనుకుని వంటింట్లోకి వెళ్లిపోతాం. అయితే వేళ్ల వేగంతో పెద్దగా పనిలేని ఆట ఒకటుంది. అందులో తుపాకీ లేదు. పరుగు పనికిరాదు. కొట్లాటకు దిగితే మనమే ఓడతాం. చీకట్లో గోడవారగా నిలబడి, చెవులు రిక్కించి, కాపలావాడు అటు తిరిగేదాకా ఓపిగ్గా కాచుకోవడమే ఆటంతా. దాని పేరు 'థీఫ్'. అంటే దొంగే!

"శివ శివా! దొంగతనం నేర్పే ఆటా?" అని ముక్కున వేలేసుకోకండి. వెన్నదొంగను ఉయ్యాల్లో వేసి ఊపే జాతి మనది. అరవైనాలుగు కళల్లో చోరకళను కూడా చెప్పుకునేవాళ్లం. పైగా ఈ ఆట నేర్పేది దొంగతనం కాదని నా అభిప్రాయం. అదేమిటో చదివాక మీరే చెప్పండి.

ముందు నాలుగు ముక్కలు పుట్టుపూర్వోత్తరాలు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లో లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ అనే సంస్థ ఉండేది. 1998 చివర్లో వాళ్లు 'థీఫ్: ది డార్క్ ప్రాజెక్ట్' విడుదల చేశారు. మరుసటి ఏడాది, 1999లో, మరో మూడు మిషన్లు కలిపి 'థీఫ్ గోల్డ్' అని తెచ్చారు. 2000లో 'థీఫ్ 2: ది మెటల్ ఏజ్' వచ్చింది. అది వచ్చిన కొద్ది నెలలకే, ఆ ఏడాది మే నెలలో సంస్థ మూతపడింది. ఆ తర్వాత 2004లోనూ, 2014లోనూ వేరే సంస్థలు అదే పేరుతో ఆటలు చేశాయి గానీ నేను చెప్పబోయేదంతా మొదటి రెండింటి గురించే. అప్పటి బొమ్మలు ఇప్పటి వాళ్లకు మొరటుగా కనిపిస్తాయి. మనుషుల మొహాలు చెక్కబొమ్మల్లా ఉంటాయి. చీకట్లో ఆడే ఆటకు మొహాలతో పనేముంది లెండి!

కథానాయకుడు గ్యారెట్. అనాథ. చిన్నప్పుడు వీధుల్లో జేబులు కొట్టి బతికేవాడు. ఓ రోజు ఓ వింత మనిషి జేబు కొట్టబోయి దొరికిపోతాడు. ఆ మనిషి 'కీపర్లు' అనే రహస్య సంఘానికి చెందినవాడు. కుర్రాడిలో ఉన్న నేర్పు చూసి కొట్టకుండా తీసుకెళ్లి, కంటికి కనపడకుండా మసిలే విద్య నేర్పిస్తారు. విద్య అబ్బాక గ్యారెట్ వాళ్లకో దణ్ణం పెట్టి బయటికొచ్చి దొంగతనాన్నే వృత్తిగా పెట్టుకుంటాడు. గ్యారెట్ కళ్లతోనే మనం ఆ లోకాన్ని చూస్తాం. ఆట మొత్తం మీద అతని మొహం కంటే అతని విసుగు గొంతే మనకు బాగా పరిచయమవుతుంది.

రత్నం మీద ఓ కన్ను

తెర అడుగున మధ్యలో చిన్న రత్నం లాంటి గుర్తు ఉంటుంది. మీరు వెలుతురులో ఉంటే అది మెరుస్తుంది. చీకట్లోకి వెళితే నల్లబడుతుంది. నల్లగా ఉన్నంతసేపూ, మీరు కదలకుండా ఉంటే, కాపలావాడు పక్కనుంచే నడిచి వెళ్లినా మిమ్మల్ని చూడడు. ఆటలో నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే, నమ్మడానికి అన్నిటికంటే కష్టమైనదీ ఇదే. వాడు చేతికందే దూరంలోకి రాగానే మనకు గుండె దడదడలాడి, తెలియకుండానే ఏదో మీట నొక్కేస్తాం. నొక్కకండి. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. నిజంగానే చెబుతున్నాను, కీబోర్డు మీంచి చేతులు తీసేయండి!

వంగి నడిస్తే మరింత తక్కువ కనిపిస్తారు. కత్తి దూసి పట్టుకుంటే ఎక్కువ కనిపిస్తారు. కాబట్టి కత్తి ఒరలోనే ఉండనివ్వండి. అసలు కత్తి సంగతి మరిచిపోతేనే మేలు. గ్యారెట్ ఏమంత యోధుడు కాదు. ఇద్దరు కాపలావాళ్లు ఒకేసారి మీద పడితే ఇక అంతే సంగతులు.

వెలుతురు అడ్డమొస్తే ఆర్పేయాలి. అందుకు నీటి బాణాలున్నాయి. బాణం కొసన నీళ్లు నింపిన స్ఫటికం ఉంటుంది. దూరం నుంచి గురిచూసి కాగడా మీదికి వేస్తే 'చుయ్' మని ఆరిపోతుంది. విద్యుద్దీపాలు మాత్రం దీనికి లొంగవు. వాటికి ఎక్కడో మీట ఉంటుందేమో వెతకాలి. విచిత్రమేమిటంటే, కాగడా ఎలా ఆరిందా అని కాపలావాళ్లు పెద్దగా ఆలోచించరు. వరండాలో బల్బు మాడిపోయి నెలైనా మావారి కంట పడదు, అలాగన్నమాట.

చెవులే మీ ఆయుధం

పసిబిడ్డను ఉయ్యాల్లో నిద్రపుచ్చి గది దాటి వచ్చిన ఏ తల్లినైనా అడగండి. గాజులు గలగలమనకుండా మోచేతి దాకా తోసుకుని, పట్టీల కాలు ఆచితూచి వేసి, ఏ గచ్చు జారుతుందో ఏ తలుపు కిర్రుమంటుందో లెక్క చూసుకుని, ఊపిరి బిగబట్టి బయటపడుతుంది. ఆ విద్య మనకు ఎవరూ నేర్పలేదు. ఈ ఆటకు కావాల్సింది సరిగ్గా అదే.

నేల ఏమిటన్నది ఇక్కడ చాలా ముఖ్యం. తివాచీ మీదా, గడ్డి మీదా ఎంత నడిచినా పెద్దగా చప్పుడుండదు. రాతిపలకల మీద టకటకమంటుంది. నున్నటి టైల్స్ మీద ఇంకా ఎక్కువ. రేకు మీద కాలు పెట్టారో, ఊరంతా లేస్తుంది! అడుగు వేసే ముందు తల వంచి నేల చూసుకోవడం అలవాటు చేసుకోండి. దాటక తప్పని చోట నాచు బాణం వేస్తే, అది పడ్డ చోట మెత్తగా నాచు పరుచుకుంటుంది. దానిమీంచి పిల్లిలా వెళ్లిపోవచ్చు.

చప్పుడు మన నుంచే కాదు, వాళ్ల నుంచీ వస్తుంది కదా! కాపలావాళ్ల అడుగుల చప్పుడు, దగ్గు, ఈల, కూనిరాగం... ఇవే మనకు దారి చూపించే దీపాలు. అందుకే మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడండి. కుడి చెవిలో వినిపిస్తే కుడివైపున్నాడని అర్థం. అడుగుల మోత మారిందంటే తివాచీ వదిలి టైల్స్ మీదికొచ్చాడన్నమాట. మూసిన తలుపును ఆనుకుని ముందుకు వంగితే, అవతలి గదిలో ఎవరున్నారో వినొచ్చు. చాలామందికి ఇది తెలియక తలుపు బార్లా తీసి, ఎదురుగా కూర్చున్న కాపలావాడితో మొహమాటపడతారు!

మీ చప్పుడు కాస్త వినబడినంత మాత్రాన కొంప మునగదు. మొదట వాడు ఆగి, ఏదో అనుమానంగా గొణుక్కుంటాడు. ఎలుకేమోనని సర్దిచెప్పుకుని మళ్లీ నడక మొదలెడతాడు. మళ్లీ చప్పుడైతే మాత్రం వెతకడానికి వస్తాడు. అప్పుడు పారిపోవడం కాదు, ఇంకా నల్లటి మూలకి జరిగి ఆగిపోవాలి. కాసేపు వెతికి విసుగొచ్చి వాడే పోతాడు. కొత్తగా ఆడేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. దొరికిపోతామన్న భయంతో పరుగెత్తి, ఆ పరుగు చప్పుడుతోనే దొరికిపోతారు.

రెండు మూడు నిమిషాలు ఒకేచోట నిలబడి, కాపలావాడు ఎక్కడినుంచి ఎక్కడికి తిరుగుతున్నాడో చూడండి. ప్రతివాడికీ ఓ గస్తీ దారి ఉంటుంది. పాలవాడూ పేపరువాడూ వచ్చే వేళలు తెలిసినట్టే అదీ తెలిసిపోతుంది. తెలిశాక వాడి వెనకాలే, నాలుగడుగుల దూరంలో, వాడు ఆగితే ఆగుతూ నడకతో నడక కలిపి వెళ్లడంలో ఉన్న సరదా చెబితే అర్థం కాదు.

శర్విలకుడు గుర్తున్నాడా?

ఆడుతున్నంతసేపూ నాకు శూద్రకుడి 'మృచ్ఛకటికం'లో శర్విలకుడే గుర్తొచ్చాడు. మూడో అంకంలో చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడే, ఆయన! గోడకు కన్నం ఏ ఆకారంలో వెయ్యాలా అని శాస్త్రం తిరగేస్తాడు. పద్మంలా వెయ్యాలా, చంద్రవంకలా వెయ్యాలా, పూర్ణకుంభంలా వెయ్యాలా అని. కొలతకు తాడు మరిచిపోయి జంధ్యాన్నే కొలతాడు చేసుకుంటాడు. లోపలికెళ్లాక పాత తలుపు కిర్రుమంటుందేమోనని నీళ్లు చల్లుతాడు. ఆ నీళ్లు నేల మీద పడి చప్పుడవుతాయేమోనని మళ్లీ బెంగ! పడుకున్నవాళ్లు నిజంగా నిద్రపోతున్నారా, నటిస్తున్నారా అని పరీక్షిస్తాడు. దీపం ఆర్పడానికి పురుగును వదులుతాడు. గ్యారెట్ నీటి బాణానికి ఆ పురుగు ముత్తాత అనుకోవచ్చు. వెలుతురు, చప్పుడు, ఎదుటివాడి నిద్ర. దొంగ చూసుకోవాల్సినవి ఈ మూడేనని ఉజ్జయినిలో కథ అల్లిన కవికీ, కేంబ్రిడ్జ్‌లో కంప్యూటర్ల ముందు కూర్చున్న కుర్రాళ్లకూ ఒకేలా తోచడం నాకు భలే ముచ్చటేసింది.

దాచుకోకండి, ఖర్చు పెట్టండి

మన ఆడవాళ్లకో జబ్బుంది. స్వీటు డబ్బాలు ఖాళీ అయినా పారేయం. కొత్త దుప్పట్లు చుట్టాలొస్తే వేద్దామని బీరువాలో పెట్టి, అవి అక్కడే పాతబడేదాకా ఉంచుతాం. ఈ ఆటలో ఆ పొదుపు పనికిరాదు. ప్రతి మిషన్‌కీ ముందు, కిందటిసారి దోచిన సొమ్ముతో సామాన్లు కొనుక్కోవచ్చు. ఖర్చు పెట్టగా మిగిలిన డబ్బు తర్వాతి మిషన్‌కి రాదు. వాడని బాణాలూ రావు. కాబట్టి దుకాణంలో ఉన్న సొమ్మంతా ఊడ్చి కొనండి. లోపలికెళ్లాక అవసరమైన చోట మొహమాటం లేకుండా వాడండి. నా ఓటు ముందు నీటి బాణాలకు, తర్వాత నాచు బాణాలకు. మత్తు గాలి వదిలే బాణాలు ఖరీదు. అవి కష్టకాలానికి ఒకటో రెండో చాలు.

తాడు బాణమని ఇంకొకటుంది. చెక్క దూలానికి గుచ్చుకుని అక్కణ్నుంచి తాడు వేలాడుతుంది. రాతికి తగిలితే టంగున పడిపోతుంది. పైకెక్కాక బాణాన్ని పీకి మళ్లీ సంచిలో వేసుకోవచ్చు. ఇది మాత్రం దాచుకోదగ్గ వస్తువే. ఏ గదిలోకి వెళ్లినా ముందు తలెత్తి పైకప్పు చూడండి. చెక్క దూలం కనిపించిందంటే, కింద కాపలావాడు తిరుగుతున్నా మీరు పైనుంచి దాటే దారి ఉందేమో ఆలోచించవచ్చు.

దెబ్బ, అదీ ఒక్కటే

గ్యారెట్ దగ్గర తోలు చుట్టిన చిన్న దుడ్డుకర్ర ఉంటుంది. ఏమరుపాటున ఉన్న కాపలావాడి వెనక నుంచి వెళ్లి తలమీద ఒక్కటిస్తే స్పృహ తప్పి పడిపోతాడు. చావడు. వాణ్ని అక్కడే వదిలేస్తే ఇంకొకడు చూసి గోలచేస్తాడు. భుజాన వేసుకుని చీకటి మూలకు చేర్చాలి. మోస్తున్నప్పుడు చేతులు ఖాళీ ఉండవు కనుక దారి ముందే చూసుకోండి. ఒక్క హెచ్చరిక. నీళ్లలో మాత్రం పడేయకండి. స్పృహలేని మనిషి మునిగి చనిపోతాడు, ఆ చావు మీ ఖాతాలో పడుతుంది.

చావు ఖాతాలో పడితే ఏమవుతుందంటారా? ఆటలో మూడు మెట్లున్నాయి. మామూలు, కష్టం, నిపుణులది. పై మెట్టులో ఆడితే, మనిషిని చంపావో ఓడిపోయావు. మళ్లీ మొదటికి రావాల్సిందే. ఎంచేతంటే గ్యారెట్ హంతకుడు కాదు, వృత్తి తెలిసిన దొంగ. చంపడం చేతకానివాడి పని అన్నది అతని పట్టుదల. నేను ఎవరికి చెప్పినా ఈ పై మెట్టుతోనే ఆడమని చెబుతాను. కష్టమే కానీ, ఆట అసలు రుచి అందులోనే ఉంది. ఈ ఆటను ఏళ్ల తరబడి ఆడుతున్న అభిమానులు ఇంకో మెట్టు పైకెళ్లి, ఎవర్నీ కొట్టకుండా, ఎవరికీ అనుమానమైనా రాకుండా నీడలా వచ్చి నీడలా పోవడాన్ని పందెంగా పెట్టుకుంటారు. నాకింకా అంత ఓపిక రాలేదు.

ఈ చంపకూడదన్న నియమం మా ఇంట్లో ఓ చిన్న మేలు చేసింది. మావాడిది పదో తరగతి. ఆ వయసు పిల్లలున్న తల్లులకు వేరే చెప్పక్కర్లేదు. అడిగిన దానికి "ఊ", "ఊహూ" తప్ప మాటుండదు. వాడు ఆడేవన్నీ కాల్చుకునే ఆటలు. నేనిది ఆడుతుంటే మొదట "ఏంటమ్మా, నత్తలా" అని నవ్వాడు. తర్వాత వెనక నిలబడి చూశాడు. ఆ తర్వాత కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఓ రాత్రి కాపలావాడు నా ముందు ఆగి అటూ ఇటూ చూస్తుంటే, నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, కదలకు" అన్నాడు గుసగుసగా. వాడు నాతో అంత మెల్లగా మాట్లాడి ఎన్నాళ్లయిందో! ఇప్పుడు పటం చదవడం వాడి వంతు, నడక నా వంతు. వారానికి రెండు రాత్రులు, అరగంట చొప్పున. "కొట్టెయ్ అమ్మా" అని వాడంటాడు, "ఆగరా, వాడే పోతాడు" అని నేనంటాను. ఎక్కువసార్లు వాడే పోతాడు.

చిన్నపిల్లల్ని మాత్రం దగ్గర కూర్చోబెట్టుకోకండి. శవాలు, ప్రేతాలు, రక్తం ఉన్నాయి ఇందులో.

ఉత్తరాలు చదవండి

కథలు రాసుకునేదాన్ని కనుక ఇది చెప్పకుండా ఉండలేను. ఈ ఆటలో కథను ఎవరూ మనకు కూర్చోబెట్టి చెప్పరు. మిషన్‌కీ మిషన్‌కీ మధ్య చిన్న దృశ్యం వస్తుంది, అంతే. మిగతాదంతా బల్లమీద మరిచిపోయిన ఉత్తరాల్లో, వంటవాళ్ల చీటీల్లో, యజమాని దినచర్య పుస్తకంలో, గేటు దగ్గర కాపలావాళ్ల బాతాఖానీలో దొరుకుతుంది. మొదటి మిషన్‌లోనే ఇద్దరు కాపలావాళ్లు ఎలుగుబంట్ల పందేల గురించి మాట్లాడుకుంటారు. అప్పటి ఎలుగుబంట్లు ఇప్పుడెక్కడివి అన్న ధోరణి. రచ్చబండ కబుర్లే! ఆ రెండు నిమిషాల్లో ఆ ఊరెలాంటిదో, జీతగాళ్ల బతుకెలాంటిదో తెలిసిపోతుంది. వర్ణన ఒక్క వాక్యం లేదు.

చదవడం వల్ల ఆటలోనూ లాభముంది. తాళంచెవి ఎక్కడుందో, దొంగ తలుపు ఎక్కడుందో చీటీల్లోనే రాసుంటుంది. పటం కూడా గ్యారెట్ ఎవరినో అడిగి చేత్తో గీసుకున్న గీతలే. సగం గదులకు పేర్లుండవు, కొన్నిచోట్ల ప్రశ్నార్థకాలుంటాయి. మన ఊళ్లలో దారి అడిగితే "ఆ వేపచెట్టు దాటాక" అన్నట్టుంటుంది. కాబట్టి మీరే గుర్తులు పెట్టుకోవాలి.

అన్నట్టు విక్టోరియా అనే పాత్ర గొంతు వినండి. ఆ గొంతు టెర్రీ బ్రోసియస్‌ది. ఆవిడ రాక్ బృందంలో పాడిన గాయని. ఆట శబ్దాలన్నీ కూర్చిన ఎరిక్ బ్రోసియస్ ఆవిడ భర్త. చెవులతో ఆడే ఆటకు చెవులు ఇచ్చింది ఆ దంపతులే అనాలి.

నాకు నచ్చనివీ ఉన్నాయి. మొదటి ఆటలో శిక్షణ కాక పన్నెండు మిషన్లుంటే, కొన్నిట్లో దొంగతనం కంటే దయ్యాల పోరే ఎక్కువ. రెండో మిషన్ క్రాగ్స్‌క్లెఫ్ట్ చెరసాలకు పాడుబడ్డ గనిలోంచి పోవాలి. అక్కడ నడిచే శవాలు! కత్తితో నరికినా మళ్లీ లేస్తాయి. పవిత్ర జలంతోనో నిప్పు బాణంతోనో కొడితే శాశ్వతంగా పోతాయి. కానీ అవి నిదానంగా కదులుతాయి, మెల్లగా తప్పుకుపోవడమే మేలు. రాత్రిపూట ఒంటరిగా ఆడలేనివాళ్లు నేరుగా రెండో ఆటతో మొదలుపెట్టినా తప్పులేదు. అందులో ప్రేతాలు తక్కువ, ఇళ్లూ బ్యాంకూ దోచేవి ఎక్కువ. ఆవిరితో నడిచే యంత్రపు మనుషులు మాత్రం ఉంటారు. వాటి వీపున కొలిమి ఉంటుంది. అందులోకి గురిచూసి నీటి బాణాలు వేస్తే చల్లారి ఆగిపోతాయి. పొయ్యి ఆర్పడం మనకు చెప్పాలా!

రెండూ ఇప్పటికీ ఇంటర్నెట్‌లో ఆటలమ్మే దుకాణాల్లో కొనుక్కోవచ్చు. పాత లాప్‌టాప్ అయినా సరిపోతుంది. తెర వెలుగు మరీ పెంచకండి, అప్పుడు చీకటికి అర్థం లేకుండా పోతుంది. మధ్యలో ఎక్కడైనా ఆపి దాచుకునే వీలుంది కనుక కుక్కరు కూత వేస్తే లేచి వెళ్లొచ్చు. అడుగడుక్కీ దాచుకుంటూ పోతే మాత్రం గుండెదడ పోతుంది, దానితో సరదా కూడా.

మొదట కీపర్ల శిక్షణ పాఠం పూర్తి చేయండి. ఆ తర్వాత లార్డ్ బాఫర్డ్ భవనం. ఆయన ఊళ్లో లేడు. కావాల్సింది ఆయన రాజదండం. సింహద్వారం దగ్గర కాపలా గట్టిగా ఉంటుంది, అటు పోకండి. పక్కన సందులోంచి తిరిగి వెళితే నీళ్ల బావి ఉంది, దాన్ని కాసేవాడు ఒక్కడే. వాడి నడుముకే తాళంచెవి.